ఆర్డరు వస్తేనే సైరను

విజయనగరం చుట్టుపక్కల జూట్ మిల్లు గేటుకి అంటించిన నోటీసు చదవడం చిన్నపిల్లలకి కూడా వచ్చు. లేఆఫా, లాకౌటా అన్నది దూరం నుంచే చెప్పేస్తారు. వెనకున్న కథ మాత్రం ఎప్పుడూ ఒకటే. గోనె సంచికి పెద్ద బేరం ప్రభుత్వం. ధాన్యం గోనెల్లోనే నింపాలని 1987లో చట్టం వచ్చింది గనక మగ్గాలు ఆడుతున్నాయి. కోల్‌కతాలోని జూట్ కమిషనర్ ఆఫీసు ఆర్డరు తగ్గిస్తే ఇక్కడ షిఫ్టు తగ్గుతుంది. నష్టాల్లో పడ్డ తుపాకుల కంపెనీని ఎలా నిలబెట్టాలన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఈ గేటే గుర్తొస్తుంది.

అమెరికాలో కోల్ట్ కంపెనీ సంగతి చూడండి. సైన్యం ఇచ్చే ఎం-16 రైఫిల్ ఆర్డరు ఉన్నన్నాళ్లూ మహారాజులా బతికింది. 1986లో కార్మికుల సమ్మె మొదలై నాలుగేళ్లు సాగింది. ఆ మధ్యలోనే, 1988లో, ఆర్డరు కాస్తా బెల్జియం తుపాకుల కంపెనీ ఎఫ్ఎన్‌కి పోయింది. 1992లో దివాలా. తర్వాత ఎం-4 కార్బైన్ అనే పొట్టి రైఫిల్ పుణ్యమా అని లేచింది. 2013లో అదీ ఎఫ్ఎన్‌కే పోయింది. 2015లో మళ్లీ దివాలా. చివరికి 2021లో చెక్ దేశపు సీజెడ్ కొనుక్కుంది. దెబ్బ రెండుసార్లూ ఒకేచోట తగిలింది.

అలాగని జనానికి అమ్ముకుంటే గట్టెక్కుతారనీ లేదు. స్మిత్ అండ్ వెసన్ అనే మరో అమెరికా తుపాకుల కంపెనీ 2000లో క్లింటన్ ప్రభుత్వంతో భద్రతా నిబంధనల ఒప్పందం చేసుకుంటే, తుపాకీ ప్రియులు అలిగి కొనడం మానేశారు. మరుసటి ఏడాదే కంపెనీ చేతులు మారింది.

అన్నిటికన్నా పాత ఉపాయం మన వీధుల్లో తిరిగింది. బీఎస్ఏ సైకిలు! ఆ మూడక్షరాలకీ అర్థం బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకీ పనివాళ్లు కలిసి పెట్టుకున్న కంపెనీ. దాని ముద్రలో ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన మూడు తుపాకులుంటాయి. 1870ల చివర్లో సైన్యం ఆర్డర్లు ఎండిపోయి కార్ఖానా మూతబడితే, 1880లో సైకిలు పని పట్టుకున్నారు. ఉక్కు కడ్డీకి ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెంట్రుకవాసి తేడా లేకుండా బెజ్జం వేసే చేతులకి ఇరుసూ పెడలూ ఒక లెక్కా?

మన దేశంలో కథ ఇంకా నడుస్తోంది. ఇషాపూర్, కాన్పూర్, తిరుచ్చిలోని ప్రభుత్వ ఆయుధ కార్ఖానాలకి మన సైన్యం వాడే ఇన్సాస్ రైఫిలే ఏళ్ల తరబడి కూడు పెట్టింది. చలిలో మ్యాగజీన్ పగులుతోందని జవాన్లు గోల పెట్టారు. సైన్యం 2019లో అమెరికా నుంచి 72,400 సిగ్ రైఫిళ్లు తెప్పించుకుంది. తర్వాత ఏకే-203 రైఫిల్ కోసం అమేఠీ దగ్గర కోర్వాలో రష్యాతో ఉమ్మడి కంపెనీ పెట్టారు. 2021 అక్టోబరు 1న 41 ఆయుధ కార్ఖానాలని ఏడు కంపెనీలుగా విడగొట్టారు. పేరు కంపెనీయే అయినా పెద్ద గిరాకీ మాత్రం పాతదే, ప్రభుత్వమే.

జనం కోసం 2014లో ఆడవాళ్లకని నిర్భీక్, 2023లో ప్రబల్ రివాల్వర్లు తెచ్చారు. లైసెన్సు లేనిదే కొనలేరు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఒకరి దగ్గర మూడు తుపాకులు ఉండొచ్చన్న పరిమితిని రెండుకి దించింది.

మా ఊరి బ్యాంకు గేటు దగ్గర డబుల్ బ్యారెల్‌తో కూర్చునే మాజీ జవానుని అడిగాను, కొత్త రివాల్వరు కొంటారా అని. తుపాకీని మోకాళ్ల మధ్య సర్దుకుని నవ్వాడు. "ఏటి బావూ, దీని లైసెన్సు రెన్యువల్‌కే చెప్పులరిగిపోతన్నాయి. ఎలచ్చన్లొస్తే టేసన్లో పెట్టాల. ఇంకోటి కూడానా?"