స్కాలర్‌షిప్పు పేదవాడిదా, తెలివైనవాడిదా?

అమెరికాలో కాలేజీ చదువుకి స్కాలర్‌షిప్పు వెతుక్కునే విద్యార్థి రెండు రకాల దరఖాస్తులు నింపాలి. ఒకదానిలో తల్లిదండ్రుల ఆదాయం, బ్యాంకు నిల్వలు, పన్ను లెక్కలు అడుగుతారు. ఇంకోదానిలో మార్కులు, శాట్ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష స్కోరు, గెలిచిన పోటీలు, పైగా ఓ వ్యాసం. మొదటిదానిలో తన దగ్గర ఏమీ లేదని రుజువు చేసుకోవాలి. రెండోదానిలో తన దగ్గర ఎంతో ఉందని చెప్పుకోవాలి. ఒకే పిల్ల ఒకే వారంలో దీనంగానూ దర్జాగానూ రాసుకోవాలన్నమాట. ఈ తిరకాసు ఎవరో ఒకరు ఓ రోజు కూర్చుని పెట్టింది కాదు. సాయం ఎవరికి చేయాలి, లేనివాడికా, రాణించేవాడికా అన్న తగవు ఎప్పటికీ తేలకపోవడం వల్ల పేరుకుపోయింది.

మొదట్లో తగవే లేదు. 1180లో జోసియస్ అనే లండన్ ఆసామి జెరూసలేం యాత్ర ముగించుకుని వెళ్తూ పారిస్‌లో ఆగాడు. నోటర్‌డామ్ చర్చి పక్కన ఉన్న ధర్మాసుపత్రిలో పేద విద్యార్థులు తలదాచుకునే గది ఒకటి ఉండేది. దాన్ని కొని 18 మంది విద్యార్థుల పేరిట శాశ్వతంగా రాసిచ్చాడు. నెలనెలా కొంత చిల్లర కూడా ముట్టేది. బదులుగా వాళ్లు చేయాల్సిందల్లా, ఆసుపత్రిలో ఎవరైనా పోతే వంతులవారీగా శవం ముందు శిలువ, పవిత్ర జలం పట్టుకుని నడవడం, రాత్రిళ్లు ప్రార్థనలు చదవడం. పరీక్ష లేదు, వ్యాసం లేదు. ఆ చోటుకి పద్దెనిమిది మంది కాలేజీ అనే పేరు స్థిరపడింది. పేద విద్యార్థికిచ్చే సాయం అనే అర్థంలో ఇప్పటికీ వాడుకలో ఉన్న ‘బర్సరీ’ అనే మాట కూడా పాతదే. దాని మూలమైన లాటిన్ మాట ‘బుర్సా’కి డబ్బుసంచి అని అర్థం.

ఇంగ్లండ్‌లో సాయానికి చాకిరీ తోడైంది. కేంబ్రిడ్జిలో ‘సైజర్’ అనే తరగతి పేద విద్యార్థులు తక్కువ ఖర్చుతో చదువుకుంటూ, బదులుగా డబ్బున్న వాళ్లకి పనులు చేసిపెట్టేవారు. 1661లో ట్రినిటీ కాలేజీలో చేరిన ఐజాక్ న్యూటన్ ఆ తరగతిలోనే అడుగుపెట్టాడు. ఆక్స్‌ఫర్డ్ సంగతి చెప్పేటప్పుడు, తర్వాత ఇంగ్లిష్ నిఘంటువుతో పేరు తెచ్చుకున్న శామ్యూల్ జాన్సన్ బూట్లు గుర్తు చేసుకోకుండా ఉండలేం. 1728లో పెంబ్రోక్ కాలేజీలో చేరిన అతని బూట్లు చిరిగి కాలివేళ్లు బయటికి కనిపించేవట. ఎవరో జాలిపడి ఓ కొత్త జత అతని గది గుమ్మం ముందు పెట్టి వెళ్లారు. జాన్సన్ కోపంతో వాటిని విసిరికొట్టాడు. ఏడాది పైచిలుకు గడిచేసరికి డబ్బు చాలక డిగ్రీ లేకుండానే ఇంటిముఖం పట్టాడు. తర్వాతి కాలంలో ‘మెరిట్’ అన్న మాటకి అంత గిరాకీ రావడానికి సగం కారణం ఆ బూట్లలోనే ఉందని నాకనిపిస్తుంది. దానం పుచ్చుకోవడం చిన్నతనం, బహుమతి గెలుచుకోవడం గౌరవం. ఇచ్చే డబ్బు మాత్రం ఒకటే.

అమెరికా గడ్డమీద ఈ కథ 1643లో మొదలైంది. లేడీ మౌల్సన్ అనే లండన్ వితంతువు పేద విద్యార్థి పోషణ కోసం హార్వర్డ్‌కి 100 పౌండ్లిచ్చింది. ఆ సొమ్ము సంపాదించి తెచ్చిన మతగురువు కొడుకుకే ముందుగా సాయం అందాల్సి ఉంది. ఆ అబ్బాయి దొంగతనం చేసి పట్టుబడి కాలేజీ నుంచి గెంటించుకున్నాడు. సొమ్మేమో వలస ప్రభుత్వ ఖజానాలోకి చేరింది, తిరిగి కాలేజీ చేతికి వచ్చేసరికి 1713 అయింది. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించలేదంటే ఇదే. దాత పుట్టింటి పేరు ఆన్ రాడ్‌క్లిఫ్. హార్వర్డ్ పక్కనే వెలసిన మహిళా కాలేజీకి 1894లో ఆ పేరే పెట్టారు.

తగవు అసలు రూపు దాల్చింది 1930లలో. హార్వర్డ్ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ 1934లో జాతీయ స్కాలర్‌షిప్పులు పెట్టాడు. తూర్పు తీరంలోని ధనిక కుటుంబాల పిల్లలే కాక, దూరప్రాంతాల చురుకైన కుర్రాళ్లూ రావాలని అతని పట్టుదల. వాళ్లని ఏరడానికి శాట్ పరీక్షని వాడుకున్నారు. ఇందులో ఓ తెలివైన ఏర్పాటు ఉంది. ఎంపిక ప్రతిభని బట్టి, ఇచ్చే మొత్తం కుటుంబ స్థోమతని బట్టి. గౌరవం అందరికీ సమానమే, డబ్బు మాత్రం అవసరమైనవాడికే ఎక్కువ. నన్నడిగితే ఈ తగవుకి దొరికిన పరిష్కారాల్లో ఇదే మేలైనది.

యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికుల కోసం తెచ్చిన 1944 నాటి జీఐ బిల్లు అనే చట్టం ఇంకో దారి పట్టింది. పేదా కాదు, తెలివైనవాడా కాదు, సైన్యంలో పనిచేశావా అన్నదే ప్రశ్న. ఫీజులకి ఏడాదికి 500 డాలర్ల దాకా, ఒంటరివాడైతే నెలకి 50 డాలర్లు ఖర్చులకి. దీంతో 22 లక్షల మంది కాలేజీ మెట్లెక్కారు. దక్షిణాది రాష్ట్రాల్లో చాలా కాలేజీలు నల్లజాతి సైనికులకి తలుపులు మూసేశాయన్నదీ ఆ లెక్కలో భాగమే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మంచి విద్యార్థుల కోసం కాలేజీలు వేలంపాటకి దిగాయి. ఒకరు వెయ్యి అంటే ఇంకొకరు పన్నెండొందలు. దీన్ని ఆపడానికి 1954లో, శాట్ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డు అనే సంస్థ ఒక ఉమ్మడి విభాగం పెట్టింది. కుటుంబం ఎంత భరించగలదో ఒకే సూత్రంతో లెక్కగట్టి అన్ని కాలేజీలకీ పంపడం దాని పని. నేటి ఆదాయపు దరఖాస్తులకి తాత అదే. హార్వర్డ్ లాంటి ఎనిమిది పేరుమోసిన ఐవీ కాలేజీలు, ఎంఐటీ ఇంకో అడుగు వేసి ఏటా సమావేశమయ్యేవి. రెండు మూడు చోట్ల సీటొచ్చిన విద్యార్థుల పేర్లు ముందేసుకుని, అన్నిచోట్లా ఒకే ధర పడేలా సర్దుకునేవి. ఉన్న డబ్బు పేదలకి చేరాలంటే ఇదే మార్గమని వాటి వాదన. ఇది వ్యాపారుల కుమ్మక్కేనని న్యాయశాఖ 1991లో దావా వేసింది. ఐవీలు రాజీపడ్డాయి, ఎంఐటీ ఒక్కటే కోర్టులో పోరాడింది. ఆ తర్వాత అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ కొంత మినహాయింపు ఇచ్చింది కానీ పాత సమావేశాలు మళ్లీ జరగలేదు. బేరం తలుపు తెరుచుకుంది.

ఈలోగా ప్రభుత్వం అవసరం వైపు మొగ్గింది. 1972లో మొదలై, 1980లో సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ పేరు పెట్టుకున్న గ్రాంటు, అంటే తిరిగి కట్టనక్కర్లేని సాయం, పేద విద్యార్థి ఏ కాలేజీకి వెళ్తే అక్కడికి వెంట వెళ్తుంది. 1970ల మధ్యలో ప్రభుత్వ కాలేజీ ఖర్చులో ముప్పాతికకి పైగా దానితోనే గడిచేది. ఇప్పుడు గరిష్ఠ మొత్తం 7,395 డాలర్లు, అది మూడో వంతుకి అటూ ఇటూగా సరిపోతుంది. మిగతా లోటుని అప్పులతోనో, ఎక్కడో వెతికి గెలిచిన స్కాలర్‌షిప్పులతోనో పూడ్చుకోవాలి.

అదే సమయంలో మెరిట్ కొత్త వేషంలో తిరిగొచ్చింది. జార్జియా రాష్ట్రం 1993లో లాటరీ డబ్బుతో ‘హోప్’ స్కాలర్‌షిప్పు పెట్టింది. హైస్కూల్లో ‘బి’ సగటు ఉంటే చాలు. మొదటి ఏడాది 66,000 డాలర్ల ఆదాయ పరిమితి ఉండేది. మరుసటి ఏడాది అది లక్ష అయింది, 1995లో మొత్తానికే ఎత్తేశారు. ప్రైవేటు కాలేజీల లెక్క ఇంకా తిన్నగా ఉంటుంది. ఒక పేద విద్యార్థికి 20,000 డాలర్లిస్తే ఆ డబ్బు పోయినట్టే. అదే నలుగురు ఉన్నవాళ్లకి తలా 5,000 చొప్పున ‘అధ్యక్షుడి స్కాలర్‌షిప్పు’ అని ఘనమైన పేరు పెట్టి ఇస్తే, మిగతా ఫీజు నలుగురి దగ్గరా వసూలవుతుంది. సర్టిఫికెట్ ఇంటి గోడకెక్కుతుంది. దుకాణం భాషలో దీన్ని తగ్గింపు ధర అంటారు.

డబ్బు ఇలా ముక్కలుముక్కలుగా చెదిరిపోయాక వెతికిపెట్టడమే ఓ వ్యాపారమైంది. “ఏటా 660 కోట్ల డాలర్ల స్కాలర్‌షిప్పులు అడిగే నాథుడు లేక మిగిలిపోతున్నాయి” అన్న మాట అప్పుడే ఊరూరా తిరిగింది. దాని మూలం 1970ల నాటి ఓ అంచనా. అదీ స్కాలర్‌షిప్పుల గురించి కాదు, కంపెనీలు తమ ఉద్యోగుల చదువుకి ఇవ్వజూపితే ఉద్యోగులు వాడుకోని సొమ్ము గురించి. ఆ అంకె చూపించి, ముందు రుసుము కట్టండి, స్కాలర్‌షిప్పు గ్యారంటీ అన్న సంస్థల మీద, వ్యాపార మోసాలని అరికట్టే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో కేసులు మొదలుపెట్టింది. 2000లో ప్రత్యేక చట్టమే వచ్చింది. మోసం ఆగిపోలేదు, మాటలు మారాయి.

కష్టపడి బయట నిజంగానే గెలిచినవాళ్లకి ఇంకో మెలిక ఉంది. బయటి స్కాలర్‌షిప్పు వస్తే కాలేజీకి తెలియజేయాలన్నది నిబంధన. తెలియజేయగానే, మీ అవసరం అంతమేరకు తగ్గిందని చాలా కాలేజీలు తామిచ్చే గ్రాంటులో కోత పెడతాయి. 2,000 గెలిస్తే 2,000 పోతుంది, కట్టాల్సిన బిల్లు అలాగే ఉంటుంది. తమ ప్రభుత్వ కాలేజీల్లో దీనికి అడ్డుకట్ట వేసిన మొదటి రాష్ట్రం మేరీల్యాండ్, 2017లో. అలాంటి చట్టం లేనిచోట ఇది కాలేజీ ఇష్టం. కొన్ని ముందు అప్పునీ, క్యాంపస్ ఉద్యోగాన్నీ తగ్గిస్తాయి, గ్రాంటు జోలికి ఆఖర్న వస్తాయి. కొన్ని నేరుగా గ్రాంటు మీదే చెయ్యి వేస్తాయి. ఆర్థిక సాయం ఆఫీసులో అడిగితే ఏ కాలేజీది ఏ పద్ధతో చెబుతారు. ఆ ప్రశ్న సీటు ఒప్పుకోక ముందే అడగాలి.