జమలో లేని గుర్రం: డార్ట్‌మూర్ పోనీల గొడవ ఎక్కడ మొదలైంది?

నైరుతి ఇంగ్లాండ్‌లో, డెవన్ జిల్లాలోని డార్ట్‌మూర్ కొండబీడు మీద తిరిగే పోనీలు, అంటే పొట్టి జాతి గుర్రాలు, మళ్లీ వార్తల్లోకి వచ్చాయి. ఇలాగే సాగితే ఇంకొన్నేళ్లకు ఆ కొండ మీద పోనీ అనేది కనిపించదని వాటిని పెంచే రైతులు మొత్తుకుంటున్నారు. పోనీలను తగ్గించమని మేం ఎప్పుడూ అడగలేదని ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ సంస్థ నేచురల్ ఇంగ్లాండ్ జవాబిస్తోంది. కాగితాల మీద చూస్తే ఆ సంస్థ చెప్పేది నిజమే. కొండ మీదికి వెళ్లి చూస్తే రైతులు చెప్పేదీ నిజమే. రెండూ ఒకేసారి నిజం ఎలా అయ్యాయో తెలియాలంటే ఒక పాత లెక్క విప్పాలి.

మూడున్నర వేల ఏళ్ల కిందటి గుర్రపు డెక్కల గుర్తులు అక్కడి తవ్వకాల్లో బయటపడ్డాయని, ఈ పొట్టి గుర్రాలు ఒకప్పుడు గనుల నుంచి తగరం మోశాయని, బొగ్గు గనుల్లో బండ్లు లాగాయని పర్యాటక కరపత్రాలన్నీ చెబుతాయి. వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే ముందు తెలియాల్సింది, ఆ భూమి ఎవరిది, ఆ గుర్రం ఎవరిది అన్నది.

డార్ట్‌మూర్ జాతీయ పార్కు విస్తీర్ణం 954 చదరపు కిలోమీటర్లు. అందులో మూడో వంతుకు పైగా ఉమ్మడి మేత భూమి. దీన్ని మన ఊళ్లలోని మేత పోరంబోకు లాంటిది అనుకుంటే పొరపాటు. పోరంబోకుకు సర్కారే యజమాని. అక్కడి ఉమ్మడి బీడుకు సొంతదారు వేరే ఉంటాడు. కొండ నడిబొడ్డున ఉన్న పెద్ద భాగం రాజకుటుంబానికి చెందిన డచీ ఆఫ్ కార్న్‌వాల్‌ది. కానీ దాని మీద పశువులను మేపుకునే హక్కు చుట్టుపక్కల ఉన్న కమతాలది. ఇన్ని ఆవులు, ఇన్ని గొర్రెలు, ఇన్ని పోనీలు అని ఆ హక్కులు రిజిస్టరులో రాసి ఉంటాయి. ఈ హక్కుదార్లను కామనర్లు అంటారు. 1985లో పార్లమెంటు చేసిన డార్ట్‌మూర్ కామన్స్ చట్టం వాళ్లకొక మండలిని ఏర్పాటు చేసి, మేత క్రమం తప్పకుండా చూసే బాధ్యత దానికి అప్పగించింది. జనం ఆ బీడు మీద కాలినడకన, గుర్రం మీద తిరిగే హక్కునూ అదే చట్టం ఇచ్చింది.

కాబట్టి ఆ పోనీలను అడవి గుర్రాలు అనడం సరికాదు. కట్టు లేకుండా తిరుగుతాయి, ఏడాది పొడవునా ఆరుబయటే ఉంటాయి, మంచు కురిస్తే వీపు మీద మంచు కరగకుండా అలాగే నిలిచి ఉంటుంది, అంత దట్టమైన బొచ్చు. అయినా ప్రతి పోనీకీ ఒక యజమాని ఉన్నాడు. సెప్టెంబరు చివర్లో, అక్టోబరులో డ్రిఫ్ట్ జరుగుతుంది. గుర్రాల మీద కొందరు, నాలుగు చక్రాల క్వాడ్ బైకుల మీద కొందరు, కాలినడకన ఇంకొందరు కొండంతా గాలించి మందలను ఒక చోటికి తోలుకొస్తారు. దొడ్లో తల్లులు, పిల్లలు, ఆవిర్లు కక్కుతూ ఒకదాన్నొకటి తోసుకుంటుంటాయి. ఎవరి గుర్తు ఉన్న గుర్రాన్ని వాళ్లు విడదీసుకుంటారు. ఆ ఏడు పుట్టిన పిల్లల్లో ఏది సంతకు పోవాలో, ఏది తల్లితో మళ్లీ కొండెక్కాలో ఆ దొడ్లోనే తేలుతుంది. ఏ పోనీ బతుకైనా ఆ పూట రైతు మనసులో వేసుకునే లెక్క మీద ఆధారపడి ఉంది. ఆ లెక్కను ఎవరు మార్చారన్నదే అసలు ప్రశ్న.

చాలామంది ఈ కథను 2023లో పశువులను తగ్గించమని వచ్చిన ఉత్తరాల నుంచి మొదలుపెడతారు. నా ఉద్దేశంలో అది ఆలస్యంగా బయటపడ్డ రోగం. రోగం మొదలైంది 1970ల్లో.

1973లో బ్రిటన్ యూరోపియన్ సమాజంలో (ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు మునుపటి రూపం) చేరింది. 1975లో కొండ ప్రాంతాలు, సాగుకు అనుకూలం కాని ప్రాంతాల రైతులను ఆదుకోవాలని ఒక విధానం వచ్చింది. ఉద్దేశం మంచిదే. సాయం తలల లెక్కన ఇచ్చారు. ఇన్ని ఆవులుంటే ఇంత, ఇన్ని గొర్రెలుంటే ఇంత. 1980 నుంచి గొర్రెకు మరో ప్రీమియం తోడైంది. గుర్రం ఆ జాబితాలో లేదు. ప్రభుత్వం కంట్లో గుర్రం పాడి పశువూ కాదు, మాంసం పశువూ కాదు, కాబట్టి వ్యవసాయ పశువే కాదు. పక్కపక్కనే ఒకే గడ్డి మేస్తున్న మూడు జంతువుల్లో రెండింటికి డబ్బు వస్తోంది, మూడోదానికి పైసా రావడం లేదు. గొర్రెలు పెరిగాయి. అంత చిన్న కొండ మీద అన్ని గొర్రెలు ఎందుకని ఆ రోజుల్లో రైతును అడిగినవాళ్లు లేరు, ప్రతి తలకీ డబ్బిచ్చి పెంచమన్నదే ప్రభుత్వం.

తర్వాత గడ్డి పాడైపోతోందని గుర్తించారు. 1994లో డార్ట్‌మూర్‌ను పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతంగా ప్రకటించి, మేత తగ్గించే రైతులకు డబ్బివ్వడం మొదలుపెట్టారు. లెక్క తిరగబడింది. ఇప్పుడు తల ఎక్కువైతే నష్టం. ఎన్ని తలలు ఉండొచ్చో చెప్పడానికి ఒక కొలత కావాలి కదా, దానికి లైవ్‌స్టాక్ యూనిట్ అనే లెక్క వాడతారు. పెద్ద ఆవు ఒక యూనిట్, గొర్రె అందులో చిన్న భాగం. పోనీకీ ఒక విలువ కట్టారు.

మలుపు ఇక్కడ ఉంది. డబ్బు ఇచ్చేటప్పుడు పోనీ పశువు కాదన్నారు. కోత పెట్టేటప్పుడు పోనీ పశువే అన్నారు. జమలో లేదు, ఖర్చులో ఉంది.

కొండ మీద ఇన్ని యూనిట్లే ఉండాలని గీత గీస్తే, ఆ గీత లోపల ఏ జంతువును ఉంచుకోవాలో రైతే నిర్ణయించుకోవాలి. పోనీ ఒకటి ఉంచితే దాని బదులు కొన్ని గొర్రెలను దించాలి. గొర్రె అమ్మితే డబ్బొస్తుంది. ఆవు దూడ అమ్మితే ఇంకా ఎక్కువ వస్తుంది. పోనీ పిల్లకు ఏమొస్తుంది? ఒకప్పుడు చిన్నపిల్లల స్వారీకి, గనుల్లో పనికి, ఐరోపా ఖండపు మాంసం మార్కెట్‌కు గిరాకీ ఉండేది. ఆ దారులు ఒక్కొక్కటీ మూసుకుపోయాయి. సంతలో పిల్ల ధర పది పౌండ్ల దాకా పడిపోయిన ఏళ్లున్నాయి. గుర్రాలకు పాస్‌పోర్టుకు తోడు మైక్రోచిప్ కూడా తప్పనిసరి అన్న నియమం 2009లో వచ్చింది. కొండ మీదే ఉండిపోయే పోనీలకు సడలింపు ఇచ్చారు కానీ, కొండ దిగి అమ్మకానికి వచ్చే పిల్లకు ఆ ఖర్చు తప్పదు. చిప్పుకూ కాగితాలకూ అయ్యేది పిల్ల ధరను మించిపోయింది. సంతలో అమ్ముడుపోని పిల్లలను తుపాకీతో కాల్చి చంపిన సంగతులు, ఆ మాంసం జంతుప్రదర్శనశాలల్లో క్రూరమృగాలకు పోయిన సంగతులు అప్పట్లో పత్రికల్లో వచ్చి జనాన్ని కలచివేశాయి. పోనీని బతికించాలంటే పోనీ మాంసం తినడం మొదలుపెట్టాలని, గిరాకీ ఉంటేనే రైతు పెంచుతాడని పోనీలను ప్రేమించేవాళ్లే 2014లో బహిరంగంగా అన్నారు. ఆ మాట అనడానికి వాళ్ల గుండె ఎంత రాయి చేసుకోవాల్సి వచ్చిందో ఊహించవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో ముప్ఫై వేల దాకా ఉండేవని పోనీల తరఫువాళ్లు చెబుతారు. ఇప్పుడు వెయ్యి పైచిలుకు. పాత అంకెను ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేదు, కాబట్టి దాన్ని అంచనాగానే తీసుకోవాలి. దిగుతూ వచ్చిన మాట మాత్రం ఎవరూ కాదనరు.

ఇక్కడ ఇంకో చిక్కు. డార్ట్‌మూర్ పోనీ అనే పేరు మీద రెండు రకాలున్నాయి. 19వ శతాబ్దం చివర వంశావళి పుస్తకం తెరిచి, లక్షణాలు సరిపోయిన వాటిని అందులో నమోదు చేయడం మొదలుపెట్టారు. ఆ పుస్తకంలోకి ఎక్కినవి చాలావరకు కొండ దిగి, కంచె వేసిన పొలాల్లో, పోటీల్లో పెరిగాయి. కొండ మీద మిగిలిన మందలకు తండ్రి ఎవరో, తాత ఎవరో కాగితం లేదు. వాటిని హిల్ పోనీ అంటారు. అరుదైన దేశవాళీ జాతులను ఉంచినందుకు ఇచ్చే అదనపు సొమ్ము పుస్తకంలో ఉన్నవాటికి అందింది. చలికి, వానకు, ఊబికి తట్టుకుని కొండను మేసేది మాత్రం కాగితం లేని గుర్రమే. 1988లో డచీ, జాతీయ పార్కు, పోనీ సొసైటీ కలిసి కొండ మీది ఆడగుర్రాలను వంశావళిలోకి తెచ్చే పథకం ఒకటి పెట్టాయి. అది మంచి ప్రయత్నం, కానీ మందలన్నిటికీ చాలేది కాదు. 

గడ్డి సంగతి చెప్పకపోతే నేచురల్ ఇంగ్లాండ్‌కు అన్యాయం చేసినట్టవుతుంది. ఆ సంస్థ బాధ ఉత్తదేమీ కాదు. కొండ మీద ప్రత్యేక శాస్త్రీయ విలువ ఉందని రక్షణ కల్పించిన ప్రదేశాల్లో చాలా భాగం బాగా లేదు. ఊదాపూల హెదర్ పొదలు తగ్గిపోయాయి. చలికాలంలో గొర్రెలు హెదర్ చిగుళ్లను కొరికేస్తాయన్నది వాళ్ల వాదన, అందులో నిజముంది. 2025లో వైల్డ్ జస్టిస్ అనే సంస్థ ఇదే ఫిర్యాదుతో, అతిమేతను అదుపు చేయడం లేదని, కామనర్ల మండలి మీద హైకోర్టుకు వెళ్లింది.

కానీ హెదర్ పోయిన చోట వచ్చిందేమిటి? మొలీనియా అనే గడ్డి. వేసవిలో పచ్చగా, మోకాలెత్తు కుదుళ్లుగా పెరుగుతుంది. చలికాలానికి ఎండిపోయి, కొండంతా వరిగడ్డి పరిచినట్టు తెల్లబడుతుంది. ఏటికేడు ఎండుగడ్డి మీద ఎండుగడ్డి పేరుకుని కింద ఇంకే మొక్కనూ మొలవనివ్వదు. గొర్రె దాన్ని ముట్టుకోవడానికి ఇష్టపడదు. ఆవు మేస్తుంది, నాలుకతో చుట్టి లాగుతుంది. పోనీకి పైన, కింద రెండు వరసల ముందు పళ్లున్నాయి, కుదురును నేలబారుగా కొరుకుతుంది. చలికాలంలో గార్స్ అనే పసుపుపూల ముళ్లపొదను సైతం వదలదు. డెక్కతో తొక్కి, ముళ్లు నలిపి తింటుంది. పొదల మధ్య అది నడిచిన దారులే మిగతా జంతువులకూ దారులవుతాయి. అంటే ఆ కొండకు ఇప్పుడు బాగా అక్కరకొచ్చే నోరు, లెక్కలో అన్నిటికంటే ముందు కోతకు గురయ్యే నోరు ఒకటే.

ఈ మొలీనియా విజృంభణకు కారణాలు చాలా ఉన్నాయి. గాలిలోంచి రాలే నత్రజని, నీటిని బయటికి తోడే పాతకాలపు కాలువలు ఎండగట్టిన నేల, బీడు తగలబెట్టడం, అన్నీ చేయి వేశాయి. 2001లో వచ్చిన గాలికుంటు వ్యాధి మరో దెబ్బ. పోనీలకు గాలికుంటు రాదు, వాటికి చీలిన డెక్కలు లేవు. కానీ ఆవులు, గొర్రెలు పోయిన చోట మందలు మళ్లీ నిలబడలేదు. ఎందుకంటే డార్ట్‌మూర్ పశువుకు లియర్ అనేది ఒకటి ఉంటుంది. కంచె లేని కొండ మీద తన మంద హద్దు ఏది, ఏ వాగు దగ్గర నీళ్లు, ఏ గాలికి ఏ రాతిగుట్ట చాటు అన్నది తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకుంటుంది. దానికే అక్కడివాళ్లు లియర్ అని పేరు పెట్టారు. మందను దించేశాక మళ్లీ కావాలంటే గుర్రాలు దొరుకుతాయి, ఆ తెలివి దొరకదు. ఈ ఒక్క మాట అధికారులకు అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నామని కామనర్లు ఏళ్ల తరబడి బాధపడుతున్నారు.

ఇక 2023. తలల లెక్కన ఇచ్చే సాయం 2005లోనే ఆగిపోయింది. బ్రెగ్జిట్ తర్వాత భూమి లెక్కన ఇచ్చే సాయానికీ ఏటా కోత పెడుతూ వచ్చారు. కొండరైతుకు మిగిలిన పెద్ద ఆసరా హయ్యర్ లెవెల్ స్టూవర్డ్‌షిప్ అనే పర్యావరణ ఒప్పందం. డార్ట్‌మూర్‌లో చాలా ఒప్పందాల పదేళ్ల గడువు సరిగ్గా అప్పుడే ముగిసింది. పొడిగించాలంటే పశువుల సంఖ్య బాగా తగ్గించాలి, చలికాలంలో మరీ తగ్గించాలి అని నేచురల్ ఇంగ్లాండ్ ఉత్తరాలు రాసింది. ఏప్రిల్‌లో స్థానిక ఎంపీ సర్ జెఫ్రీ కాక్స్ పార్లమెంటులో చర్చ పెట్టించారు. ప్రభుత్వం వెనక్కి తగ్గి, డేవిడ్ ఫర్స్‌డన్ అధ్యక్షతన స్వతంత్ర సమీక్ష వేసింది. ఆ ఏడాది డిసెంబరులో నివేదిక వచ్చింది. రెండు పక్షాల మధ్య నమ్మకం దెబ్బతిన్నదని అది దాచకుండా రాసింది. మొలీనియాను అదుపు చేయాలంటే వేసవిలో ఆవులు, పోనీలు మేయాల్సిందేనని చెప్పింది. అందరూ కూర్చుని మాట్లాడుకునే భూ నిర్వహణ బృందం ఒకటి ఉండాలంది. 2024లో ప్రభుత్వం సరేనంది, బృందం ఏర్పాటైంది.

అయినా ఒప్పందాల్లో యూనిట్ లెక్క యూనిట్ లెక్కగానే ఉంది. నేచురల్ ఇంగ్లాండ్ మొత్తం సంఖ్య చెబుతుంది, పోనీలను తీసేయమని ఎక్కడా రాయదు. పోనీల మేత కొండకు మంచిదని ఆ సంస్థే ఒప్పుకుంటుంది కూడా. ఆ మొత్తంలో సర్దుకోవాల్సింది రైతు. సంస్థ మాటా, రైతు మాటా రెండూ నిజమవడం ఇలాగే.

పోనీల తరఫువాళ్లు అడుగుతున్నది పెద్ద కోరికేమీ కాదు. కోత లెక్కలోంచి పోనీని వేరు చేయండి, దానికొక విడి వరస ఇవ్వండి, మేసే పనికి కొంత సొమ్ము కట్టండి అంటున్నారు. ఈలోగా పిల్లలు ఎక్కువ పుట్టకుండా ఆడగుర్రాలకు గర్భనిరోధక ఇంజెక్షన్లు వేయించే పనిని హిల్ పోనీ సంఘాలు తమ చేతి డబ్బుతో, చందాలతో నడిపాయి. అమ్ముడుపోని పిల్ల పుట్టకపోతే కాల్చాల్సిన పిల్లా ఉండదు కదా అని. పిల్లలు పుట్టని మంద తెలివి ఎవరికి అందుతుందన్న భయమూ వాళ్లకు ఉంది, అందుకే అన్నిటికీ వేయరు, కొన్నిటికే వేస్తారు.

డార్ట్‌మూర్ అంచున ఉన్న చాగ్‌ఫర్డ్‌లో పోనీలను అమ్మే సంత ఏటా అక్టోబరులోనే జరుగుతుంది. దానికి ముందు డ్రిఫ్ట్ ఉంటుంది. కొత్త ఒప్పందంలో పోనీకి విడి వరస ఉంటుందా లేదా అన్నది తేలకుండానే రైతు ఆ దొడ్లో నిలబడి, ఏ తల్లి మళ్లీ కొండెక్కాలో చెప్పాల్సి వస్తోంది.