మీ ఫ్రెండ్ కాప్సూల్ గురించి, చింతపండు గురించి

చిన్నీకి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

చిన్నీ, మొన్న ఫోన్‌లో నువ్వడిగిన ప్రశ్న మంచిది. మీ హాస్టల్లో నీ ఫ్రెండ్‌కి సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) ఉంది, రోజూ హైడ్రాక్సీయూరియా కాప్సూల్ వేసుకుంటోంది, మరి రక్తం జబ్బుకి మందు ఇచ్చి, ఆ మందు వల్ల రక్తం తగ్గిందేమోనని పాడేరు తీసుకెళ్ళి మళ్ళీ మళ్ళీ టెస్ట్ ఎందుకు చేయిస్తారు అని. ఫోన్‌లో చెప్తే కుదరదు, అందుకే రాస్తున్నా.

ఇప్పుడు మీ ఏజెన్సీలో ఎటు చూసినా చింతపండే కదా. నా చిన్నప్పుడు ఎస్.కోటలో మా అమ్మమ్మ ఈ రోజుల్లో వసారాలో కూర్చుని, చిన్న ఇనప సుత్తితో ఒక్కో కాయ కొట్టి, ఈనెలు లాగి, గింజ తీసి పక్కన పడేసేది. గింజలన్నీ మావే, వేయించుకుని జేబుల్లో పోసుకుని తిరిగేవాళ్ళం, ఆ నల్ల గింజ పళ్ళ మధ్య పటుక్కుమంటే ఎంత బావుండేదో! గింజ ఉన్న పండు ఇవాళో రేపో పులుసుకి వాడేసేది, ఏడాదికి దాచేది మాత్రం గింజ తీసి ఉప్పేసి ముద్దలు చేసి జాడీలో పెట్టేది. గింజ ఉంటే పురుగు పడుతుంది, నిలవుండదు. గిరిజనుల దగ్గర చింతపండు కొనే గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ వాళ్ళు కూడా గింజ తీసిన దానికే ఎక్కువ ధర ఇస్తారని అక్కడ ఎవర్నడిగినా చెప్తారు.

మన ఒంట్లో కణాల్లోనూ ఇదే పని జరుగుతోందమ్మా. కణం ముందు తయారుచేసుకునేవి ఆర్‌ఎన్‌ఏ ముక్కలు. వాటిలో ఒకచోట ఒక ఆక్సిజన్ ఉంటుంది, అదే గింజ అనుకో. అది ఉన్నంతసేపు ఆ ముక్కలతో అల్లిన గొలుసు తొందరగా తెగిపోతుంది, ఆర్‌ఎన్‌ఏకి అది చాలు, దానిది అప్పటికప్పుడు వాడి వదిలేసే పని. డీఎన్‌ఏ అలా కాదు, జీవితమంతా నిలవుండాలి. అందుకని ఒక ఎంజైము, దాని పేరు రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్, ఒక్కో ముక్కనీ పట్టుకుని ఆ ఒక్క ఆక్సిజన్ తీసేస్తుంది, అది నీళ్ళై పోతుంది. నాలుగు రకాల ముక్కలకీ ఈ ఒక్క ఎంజైమే. స్వీడన్‌లో పీటర్ రైకార్డ్ అనే ఆయన 1960ల మొదట్లో దీన్ని వెలికి తీసి తన జీవితంలో చాలాభాగం దీనికే ఇచ్చారు.

మా అమ్మమ్మ సుత్తి ఇనుము, ఈ ఎంజైములోనూ ఇనుమే ఉంది! ఆ ఇనుము పక్కన ఒంటరి ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది, పనంతా దాంతోనే మొదలవుతుంది. జాడీ నిండితే అమ్మమ్మ సుత్తి కింద పెట్టేసేది, డీఎన్‌ఏ ముక్కలు ఎక్కువైతే ఎంజైము కూడా ఆగిపోతుంది, ఆ ముక్కలే వచ్చి దానికి అంటుకుని ఆపుతాయి. ఒక రకం ఎక్కువై ఇంకోటి తక్కువైతే డీఎన్‌ఏలో తప్పులు దొర్లుతాయి కాబట్టి ఆ లెక్క కూడా అదే చూసుకుంటుంది. ఒక కణం రెండవ్వాలంటే దాదాపు 600 కోట్ల డీఎన్‌ఏ ముక్కల జతలు కొత్తగా రాసుకోవాలి, ఎనిమిది గంటల్లో. ఎముకల మూలుగలో సెకనుకి 20 లక్షల దాకా ఎర్ర కణాలు తయారవుతాయి, నువ్వీ వాక్యం చదివేలోపు ఎన్నయ్యాయో లెక్కేసుకో, నాకైతే తల తిరుగుతుంది.

ఇక కాప్సూల్. హైడ్రాక్సీయూరియా వెళ్ళి ఆ ఒంటరి ఎలక్ట్రాన్‌కి జత ఇచ్చి ఊరుకోబెట్టేస్తుంది, సుత్తి ఆగిపోయినట్టే. ముక్కలు చాలక మూలుగలో కణాల తయారీ కాస్త నెమ్మదిస్తుంది. అప్పుడు మూలుగ, పుట్టకముందు అమ్మ కడుపులో ఉన్నప్పుడు ఒంట్లో ఉండే హిమోగ్లోబిన్‌ని మళ్ళీ ఎక్కువ చెయ్యడం మొదలుపెడుతుంది! ఆ పసి హిమోగ్లోబిన్ మధ్యలో దూరితే జబ్బు హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కోలేదు, కణాలు కొడవలిలా వంగడం తగ్గుతుంది, నొప్పులు తగ్గుతాయి. ఎప్పుడో 1869లో జర్మనీలో తయారుచేసిన పదార్థం ఇది, సికిల్ సెల్ మందుగా అమెరికాలో ఒప్పుకున్నది 1998లో. ఈ జబ్బుకి పనికిరావడానికి ఎంత కాలం పట్టిందో చూడు, అందుకే ఏ చదువూ దండగ కాదంటాను.

కానీ ఎంజైము మరీ ఎక్కువ ఆగితే తెల్ల కణాలూ ప్లేట్‌లెట్లూ కూడా పడిపోతాయి, డోసు సరిపోయిందా ఎక్కువైందా అని చూడ్డానికే ఆ టెస్టులు. రిపోర్టులో ఎంసీవీ అని ఒక అంకె ఉంటుంది, ఎర్ర కణం సైజు అది, మందు సరిగ్గా వేసుకుంటుంటే అది పెరుగుతుంది. ఈసారి పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూడండి.

నీ ఫ్రెండ్ నీళ్ళు బాగా తాగేలా చూడు, కాప్సూల్ మానకుండా గుర్తుచెయ్యి. చలి ఆ పిల్లకి పడదు, తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం లేకుండా వేణ్ణీళ్ళు ఇప్పించమని వార్డెన్ మేడమ్‌ని నువ్వే వెళ్ళి అడుగు, బుజ్జిగాడిని కూడా తోడు తీసుకెళ్ళు.

మీ
తాతయ్య