పునాదిలో చెమ్మ: గోదావరి డెల్టా గుళ్ల సంరక్షణ నేపథ్యం

ద్రాక్షారామం, సామర్లకోట భీమేశ్వరాలయాల నిర్మాణాన్ని 9వ శతాబ్ది చివర గద్దెనెక్కిన తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీముడికి ఆపాదిస్తారు. బిక్కవోలు గుళ్లు కూడా ఆ వంశపు కాలానివే. ఇవి వెయ్యేళ్లకు పైగా నిలవడానికి రాతి గట్టితనంతో పాటు తరతరాల జీర్ణోద్ధరణలూ కారణమే. అయితే జీర్ణోద్ధరణ అన్న మాటలోనే శిథిలమయ్యాక బాగుచేయడమన్న అర్థం ఉంది. శిథిలం కాకముందు కనిపెట్టి ఉండే పని ఎవరిదన్నది మాత్రం చాలాకాలం తేలలేదు.

1817లో మద్రాసు ప్రభుత్వం ఏడో రెగ్యులేషన్‌తో దేవాలయాల మాన్యాల అజమాయిషీని రెవెన్యూ బోర్డుకు అప్పగించి, 1863 చట్టంతో ఆ బాధ్యత నుంచి తప్పుకుని గుళ్లను ధర్మకర్తలకు వదిలేసింది. ముఖ్యమైన పాత కట్టడాలకు 1904 చట్టం, తర్వాత 1958 చట్టం రక్షణ కల్పించాయి. రక్షిత కట్టడాలైన ఆలయాల్లో నేటికీ కట్టడం బాధ్యత కేంద్ర పురావస్తు శాఖది కాగా, పూజలు, ఆదాయం 1987 చట్టం కింద దేవాదాయ శాఖ చూసుకుంటుంది. గోడ ఒకరిది, హుండీ ఇంకొకరిది అన్నమాట.

ఈలోగా చుట్టూ ఉన్న నేల స్వభావమే మారింది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు డెల్టాకు అన్నం పెట్టాయి, కానీ కాలువ నీరు, వరి మడుల తడి ఉన్నచోట పునాదులు ఆరే వ్యవధి తగ్గుతుంది. నేలలోని చెమ్మ రాతి సూక్ష్మరంధ్రాల గుండా పైకెక్కి, గోడ ముఖం మీద ఆరినప్పుడు అందులోని ఉప్పు స్ఫటికాలుగా మారి ఉబ్బడంతో రాయి పొలుసులు పొలుసులుగా రాలుతుంది. గానుగ సున్నపు పూత ఆ చెమ్మను బయటికి పోనిచ్చేది; దాని స్థానంలో సిమెంటు పూస్తే దారి మూసుకుపోయి తడి ఇంకా పైకి పాకుతుంది. మరమ్మతు పేరిట జరిగే నష్టాల్లో ఇదే పెద్దదని నా అభిప్రాయం. పాత సున్నపు పొరలు తీయడానికి ఇసుకను గాలి ఒత్తిడితో గోడ మీదికి చిమ్మే శాండ్ బ్లాస్టింగ్‌దీ అదే దారి: వందలాది శాసనాలున్న ద్రాక్షారామం వంటి చోట ఇసుక తాకిడికి అక్షరం అంచు అరిగితే మళ్లీ రాదు.

1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం, ముందే పగుళ్లు కనిపించినా, 2010 మే 26న కూలింది. డెల్టాకు దూరమే అయినా, పగుళ్లను చూడటం వేరు, కొలవడం వేరని తెలుగునేలకు తెలిపిన ఘటన అది. కొలవడానికి ఖరీదైన యంత్రాలే కావాలని లేదు. పగులుకు అడ్డంగా అతికించిన పలుచని గాజు పట్టీ విరిగితే పగులు ఇంకా కదులుతున్నట్లే. కాలువలు కట్టేసిన వేసవిలో ఒకసారి, వానాకాలం చివర ఒకసారి గోడలో చెమ్మ ఎంత ఎత్తుకెక్కిందో అదే చోట గుర్తుపెట్టి తేదీతో ఒక పుస్తకంలో రాసుకుంటే, నాలుగైదేళ్లలో ఆ గోడ నడవడిక తెలిసిపోతుంది. వానలకు ముందే తూములు శుభ్రం చేయడం, గోపురం సందుల్లో మొలిచిన రావి మొక్కను వేరు లావెక్కకముందే తీసేయడం కూడా ఆ పుస్తకంలోనే నమోదు కావాలి. పూజల లెక్క ఒక శాఖలో, గోడల లెక్క మరో శాఖలో ఉన్న గుళ్లలో ఆ పుస్తకం రోజూ గుళ్లో ఉండేవారికి అందుబాటులో ఉండాలి.