సీసా మీది 98 శాతం: రసాయన ఇంటర్మీడియట్ల గురించి అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇంటర్మీడియట్ (వేరే పదార్థం తయారీలో మధ్య దశలో వాడే రసాయనం) సీసా లేబుల్ మీద 98 శాతం అని ఉంటే, తూచిన ప్రతి 100 గ్రాముల్లో 98 గ్రాములు ఆ పదార్థమే.

వాస్తవం: చాలాసార్లు ఆ అంకె క్రొమటోగ్రఫీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) గ్రాఫులోని శిఖరాల వైశాల్యాలను బట్టి వచ్చింది. అతినీలలోహిత డిటెక్టర్‌కు నీరు కనబడదు, ఉప్పు కనబడదు. కనబడిన వాటిలోనే 98 శాతం. అందుకే బ్యాచ్ విశ్లేషణ పత్రం చేతికి రాగానే నేను ముందు చూసేది ఏ పద్ధతిలో కొలిచారన్నది.

ఫినైల్‌బొరోనిక్ ఆమ్లాన్నే తీసుకోండి; ఇది బోరాన్ ఉన్న ఒక ఇంటర్మీడియట్. మూడు అణువులు కలిసి మూడు నీటి అణువులను వదిలేస్తే బొరాక్సిన్ అనే వలయం ఏర్పడుతుంది. సీసాలో ఈ రెండూ ఏ పాళ్లలో ఉన్నాయో బ్యాచ్‌ను బట్టి, నిల్వను బట్టి మారుతుంది. ఆమ్లం అణుభారం 121.9. బొరాక్సిన్‌లో ఒక్కో బోరాన్ వాటా సుమారు 103.9 మాత్రమే. అంటే పూర్తిగా బొరాక్సిన్‌గా మారిన పొడిని ఆమ్లమనుకొని తూచితే, అనుకున్నదానికంటే దాదాపు 17 శాతం ఎక్కువ బోరాన్ పాత్రలో పడుతుంది. నీరు, క్షారం ఉన్న సుజుకి చర్యలో (పల్లాడియం లోహం ఉత్ప్రేరకంగా బొరోనిక్ ఆమ్లాన్ని మరో అణువుతో కలిపే చర్య) బొరాక్సిన్ తిరిగి ఆమ్లమవుతుంది కాబట్టి చర్య ఆగదు. లెక్క మాత్రం తప్పుతుంది. దిగుబడి ఎందుకు నిలకడగా లేదని వారాల తరబడి తలపట్టుకునే విద్యార్థులను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

అపోహ: మూత బిగించి పెడితే చాలు.

వాస్తవం: బెంజాల్డిహైడ్ సీసా మెడ దగ్గర తెల్లని స్ఫటికాలు కనిపిస్తే అవి బెంజోయిక్ ఆమ్లం. లోపలి గాలే ఆ పని చేసింది. వాడేముందు సోడియం కార్బొనేట్ ద్రావణంతో కడిగి, తక్కువ పీడనంలో స్వేదనం చేయాలి.

అపోహ: "పరిశోధనకు మాత్రమే" అంటే పెద్ద ప్రమాదం లేనిదని.

వాస్తవం: ఆ మాట ఉద్దేశించిన వాడకాన్ని చెబుతుంది, అంతే. భద్రతా పత్రంలో విషప్రభావం ఎదురుగా "సమాచారం లేదు" అని ఉంటే, కొలిచిన వివరాలు అందుబాటులో లేవని అర్థం. అలాంటి పదార్థాన్ని విషంగానే భావించి ముట్టుకోండి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

అపోహ: సీఏఎస్ సంఖ్య (ఒక్కో రసాయన పదార్థానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఒకటే అయితే ఎవరి దగ్గర కొన్నా ఒకటే.

వాస్తవం: ఆ సంఖ్య పదార్థానికి గుర్తు. కలిసివచ్చిన మలినాల గురించి ఏమీ చెప్పదు. 2003లో ఒక బృందం పల్లాడియం లేకుండానే సుజుకి చర్య జరిగిందని ప్రచురించింది. 2005లో అదే బృందం మళ్లీ పరిశీలించింది. తాము వాడిన సోడియం కార్బొనేట్‌లో వంద కోట్ల భాగాలకు 50 భాగాల పల్లాడియం ఉన్నట్లు గుర్తించి, చర్యకు అదే కారణమై ఉంటుందని రాసింది.