మత్తుమందుల గురించి మా ఊళ్లో వినబడే అపోహలు - వాస్తవాలు

నరసన్నపేట దగ్గరి మా ఊరికి సంక్రాంతికి వెళ్లినప్పుడల్లా, ఆపరేషన్ చేయించుకోబోయే బంధువులెవరో ఒకరు నన్ను పక్కకు పిలిచి మత్తు గురించి అడుగుతారు. నేను మత్తు డాక్టరును కాను. ఆ మందులు నాడీకణాల పొరలోని అయాన్ ఛానెళ్లపై, అంటే సోడియం, క్లోరైడ్ వంటి విద్యుదావేశమున్న అయాన్లు లోపలికీ బయటికీ వెళ్లే సన్నని ద్వారాలపై, ఎలా పనిచేస్తాయో ప్రయోగశాలలో పరిశీలించే శాస్త్రవేత్తను. అయినా వారి భయాల్లో చాలావాటికి సమాధానం ఆ ఛానెళ్లలోనే దొరుకుతుంది.

అపోహ: మత్తు అంటే గాఢనిద్రే.

నిద్రపోతున్న మనిషి గట్టిగా గిల్లితే లేస్తాడు. పూర్తి మత్తులో ఉన్న మనిషి కోత పెట్టినా లేవడు, చాలాసార్లు సొంతంగా ఊపిరి కూడా సరిగా తీసుకోలేడు. అందుకే మత్తు డాక్టరు ఆపరేషన్ ముగిసేదాకా పక్కనే ఉంటారు.

అపోహ: మత్తుమందు ఎలా పనిచేస్తుందో శాస్త్రవేత్తలకే తెలియదు.

ఒకప్పుడు ఈ మాట నిజమే. 1846లో బోస్టన్‌లో ఈథర్ మత్తుతో శస్త్రచికిత్స చేసి చూపిన అర్ధ శతాబ్దానికి, నూనెలో బాగా కరిగే మందే బలంగా మత్తిస్తుందని హాన్స్ మేయర్, చార్లెస్ ఓవర్టన్ ఎవరికి వారుగా గుర్తించారు. దాంతో కణపు పొరలోని కొవ్వులో మందు కరగడమే మత్తుకు కారణమని దశాబ్దాలపాటు నమ్మారు. 1984లో నికొలస్ ఫ్రాంక్స్, విలియం లీబ్ మిణుగురు పురుగుకు వెలుగునిచ్చే లూసిఫెరేజ్ అనే ప్రొటీన్‌ను తీసుకుని, కొవ్వు ఏమాత్రం లేకపోయినా, జంతువులకు మత్తిచ్చే గాఢతలోనే మందులు దాని పనిని అడ్డుకుంటాయని చూపించారు. వానాకాలం రాత్రుళ్లు మా కొబ్బరి తోటల్లో చూసిన మిణుగురులు ఇంత పెద్ద ప్రశ్నను మలుపు తిప్పాయని చదివిన రోజే నేను ఈ రంగంలోకి రావాలనుకున్నాను.

ఆ తరువాత దృష్టి ప్రొటీన్లయిన అయాన్ ఛానెళ్లపైకి మళ్లింది. నరంలోకి ఎక్కించే ప్రొపొఫాల్ అనే మత్తుమందు ప్రభావంతో గాబా-ఏ గ్రాహకమనే క్లోరైడ్ ఛానెల్ ఎక్కువసేపు తెరుచుకుని ఉండి, నాడీకణం స్పందన తగ్గుతుంది. కెటమిన్ అనే మరో మత్తుమందు మాత్రం ఎన్ఎండీఏ అనే వేరే ఛానెల్‌ను మూసివేస్తుంది. ఆ గాబా గ్రాహకంలో ప్రొటీన్‌కు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో ఒకే ఒక్కదాన్ని మార్చిన ఎలుకలు ప్రొపొఫాల్ ఇచ్చాక కూడా, గిల్లితే కాలు వెనక్కి లాక్కున్నాయని 2003లో వెల్లడైంది. మందు పనిచేసే చోటుకు ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అరుదు. ఛానెళ్లలోని ఈ మార్పు మొత్తం మెదడులో స్పృహను ఎలా తప్పిస్తుందన్నదే ఇంకా తేలవలసి ఉంది.

అపోహ: చీము పట్టిన పంటికి ఇంజెక్షన్ చేసినా తిమ్మిరి ఎక్కలేదంటే, ఆ మందు నకిలీది.

తిమ్మిరి ఎక్కించే ఆ ఇంజెక్షన్‌లో వాడే లిడోకైన్ నాడిలోని సోడియం ఛానెల్‌ను లోపలివైపు నుంచి మూస్తుంది. లోపలికి చేరాలంటే, విద్యుదావేశం లేని రూపంలో కణపు పొరను దాటాలి. చీము పట్టిన చోట ఆమ్లత ఎక్కువగా ఉండడంతో, మందులో అధికభాగం ఆవేశం పొంది బయటే నిలిచిపోతుంది. అందుకే పంటి డాక్టరు ముందు చీము తగ్గించడమో, వాపుకు దూరంగా నాడి వచ్చే దారిలో ఇంజెక్షన్ చేయడమో చూస్తారు.

వెన్నులో సూది వేస్తే జీవితాంతం నడుం నొప్పి తప్పదన్నది సిజేరియన్ అయిన తల్లుల్లో బలమైన నమ్మకం. సూది గుచ్చిన చోట కొద్దిరోజులు నొప్పి ఉండవచ్చు, కొందరికి తలనొప్పి వస్తుంది. ఏళ్ల తరబడి ఉండే నడుం నొప్పికి మాత్రం ఆ సూది కారణం కాదు.

అపోహ: కిడ్నీలు పాడైనవారికి మత్తు ఇవ్వకూడదు.

కిడ్నీ జబ్బు ఎక్కువగా కనిపించే మా జిల్లా ఉద్దానంలో, ముఖ్యంగా కవిటి, సోంపేట వైపు, ఈ భయంతో అవసరమైన ఆపరేషన్లు వాయిదా వేసుకునేవారున్నారు. ప్రమాదం ఎక్కువే, కానీ దారి ఉంది. కండరాలను సడలించే అట్రాక్యూరియం శరీరపు వేడికి, పీహెచ్‌కు (రక్తంలోని ఆమ్ల-క్షార స్థాయికి) చాలావరకు తనంతట తానే విడిపోతుంది, కిడ్నీల కోసం ఎదురుచూడదు. అదే పనికి వాడే సక్సినైల్‌కోలిన్ కండరాల ఛానెళ్లను తెరిచి పొటాషియాన్ని రక్తంలోకి వదులుతుంది. పొటాషియం అప్పటికే పెరిగి ఉన్న రోగికి దానివల్ల గుండె లయ తప్పవచ్చు. మా అత్త వరుసావిడ ఒకరు, ఆపరేషన్ చేయరేమోనన్న భయంతో డయాలసిస్ కాగితాలు సంచిలోనే దాచుకున్నారు. మత్తు డాక్టరు ఏ మందు వాడాలో, ఏది మానాలో తేల్చుకునేది ఆ కాగితాలు చూసే.