రెజ్యూమేలో అంకెలు: అపోహలు, వాస్తవాలు

అపోహ: అంకెలు సేల్స్ వాళ్లకే ఉంటాయి, మా పనిలో ఏముంటాయండీ?

రెజ్యూమేలు దిద్దే పనిలో రోజూ వినే మాట ఇది. ఎక్కువమందికి ఇంటర్వ్యూ కాల్స్ రాకుండా చేసేదీ ఇదే. అంకె అంటే రూపాయలు, పర్సంటేజీలే కానక్కర్లేదు. ఎన్ని చేశారు, ఎంతసేపట్లో చేశారు, మీరు రాకముందు ఎలా ఉండేది? వీటిలో ఏదో ఒకటి ఏ ఉద్యోగంలోనైనా దొరుకుతుంది.

ఆ మధ్య ఓ అకౌంటెంట్ అమ్మాయి వచ్చింది. రెజ్యూమేలో "జీఎస్టీ రిటర్నులు ఫైల్ చేయడం" అని ఒకే లైను. నెలలుగా కాల్స్ లేక పాపం బాగా టెన్షన్‌లో ఉంది. కదిలిస్తే ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మూడు రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్లు, నెలకు 400 దాకా కొనుగోలు బిల్లులు. ఆమె చేరేనాటికి 3బీ (నెలనెలా పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను) తరచూ గడువైన 20వ తేదీ దాటిపోయేది. దాటితే ఒక్కో రిటర్నుకు రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద వడ్డీ. 2బీ (సరుకు అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో పోర్టల్ ఇచ్చే జాబితా) వచ్చేదే 14న, దాంతో బిల్లులన్నీ సరిచూడటానికి ఇక మిగిలేది ఐదారు రోజులు. ఆ పని త్వరగా అయ్యేలా ఈమె ఎక్సెల్‌లో సొంతంగా ఓ షీట్ తయారుచేసుకుంది. ఇదంతా చెప్పి, "ఇవి కూడా రాస్తారా?" అంది. ఇవి కాకపోతే ఇంకేం రాస్తారమ్మా!

ఆ లైను చివరికి ఇలా మారింది: "3 జీఎస్టీ రిజిస్ట్రేషన్లలో నెలకు సుమారు 400 బిల్లులను 2బీతో సరిచూసే పనిని 4 రోజుల నుంచి ఒకటిన్నర రోజుకు తగ్గించాను. గత 12 నెలల్లో 3బీ ఒక్కసారీ ఆలస్యం కాలేదు." ఒక్క పర్సంటేజీ లేదు, చూశారా.

అపోహ: ప్రతి లైనులో పర్సంటేజీ లేకపోతే ఏటీఎస్ (కంపెనీలు రెజ్యూమేలు దాచుకుని వెతికే సాఫ్ట్‌వేర్) రిజెక్ట్ చేస్తుంది.

ఎవరు పుట్టిస్తారో ఈ వాట్సాప్ పుకార్లు! ఏటీఎస్‌లో రిక్రూటర్లు వెతికేది స్కిల్స్, అనుభవం, ఊరు లాంటివి. ఈ భయంతోనే "ఎఫిషియెన్సీ 40 శాతం పెంచాను" అని రాసేస్తారు. ఇంటర్వ్యూలో "దేని మీద 40? ఎలా కొలిచారు?" అనగానే నీళ్లు నములుతారు. కచ్చితమైన అంకె లేకపోతే "సుమారు" అని రాయండి, తప్పేం లేదు. ఆ లెక్క ఎలా కట్టారో చెప్పగలగాలి, అంతే.

అపోహ: టీమ్ చేసిన పని నా రెజ్యూమేలో రాయకూడదు.

రాయొచ్చు. "ఆరుగురి టీమ్‌లో టెస్టింగ్ నాది" అని మీ వంతు చెప్పండి.

అపోహ: కంపెనీ అంకెలు బయటపెడితే చిక్కుల్లో పడతాం.

టర్నోవరు, క్లయింట్ల పేర్లు వద్దు. మీరు చేసిన పని లెక్క వేరు. అయినా అనుమానముంటే మీరు సంతకం పెట్టిన ఎన్డీఏ (కంపెనీ రహస్యాలు బయటపెట్టనన్న ఒప్పందం) ఓసారి చదువుకోండి. మీ పని లెక్కలు నెలనెలా రాసిపెట్టుకోండి, రాజీనామా చేసి లాప్‌టాప్ అప్పగించాక గుర్తుచేసుకోవడం కష్టం.